లేని అక్షరం

ఐదు గళ్ళు. మొదటిది ఖాళీ. మిగిలిన నాలుగింటిలో వరసగా ఐ, జి, హెచ్, టి వచ్చి కూర్చున్నాయి. కావలసింది ఐదక్షరాల ఇంగ్లీషు మాట. నాలుగు అక్షరాలు తెలిసిపోయాయి, ఇంకొక్కటేగా అనిపిస్తుంది. అసలు చిక్కు మొదలయ్యేది అక్కడే. అది ఎయిట్ కావచ్చు, ఫైట్ కావచ్చు, లైట్, మైట్, నైట్, రైట్, సైట్, టైట్ ఏదైనా కావచ్చు. డబ్ల్యూతో మొదలయ్యే వైట్ లాంటి అరుదైన మాటలను పక్కన పెట్టినా ఎనిమిది తేలాయి. ఒక్కొక్కటే వేసి చూసుకుంటూ పోతే, ఆరు ఊహలకు మించి ఇవ్వని ఆటలో, ఊహలన్నీ అయిపోయాక కూడా మాట దొరక్కపోవచ్చు.

ఇలాంటప్పుడు ఆట తెలిసినవాళ్ళు జవాబు కాదని ముందే తెలిసిన మాట వేస్తారు. ఉదాహరణకి ఫిల్మ్స్. అందులో ఎఫ్, ఎల్, ఎమ్, ఎస్ ఉన్నాయి. వీటిలో ఎఫ్‌కి రంగు వస్తే జవాబు ఫైట్, ఎల్‌కి వస్తే లైట్, ఎమ్‌కి వస్తే మైట్, ఎస్‌కి వస్తే సైట్. నాలుగింటికీ రంగు రాలేదనుకోండి, ఎనిమిది మాటలు ఒక్క దెబ్బతో నాలుగయ్యాయి. ఇప్పుడు ఇనర్ట్ అని వేయాలి. ఇ ఉందంటే ఎయిట్, ఎన్ ఉందంటే నైట్, ఆర్ ఉందంటే రైట్. ఈ మూడూ లేవన్నారా, అయితే అది టైటే. మొదటి గడిలో టి ఉందా అని ఎవరూ అడగలేదు, ఉందని ఎవరూ చెప్పలేదు. అయినా తెలిసిపోయింది.

నాకు ఈ ఆట మీద ఇంత ప్రేమ కలగడానికి కారణం ఇదే. ‘అవును’ అన్న మాటకంటే ‘కాదు’ అన్న మాట ఎక్కువ చెప్పగలదని ఇంత శుభ్రంగా చూపించే చోటు నాకు మరొకటి తెలియదు.

ఆట పేరు వర్డిల్. చాలామందికి తెలిసిందే, తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. రోజుకొక ఐదక్షరాల మాట దాచిపెడతారు. మనం ఒక మాట వేస్తే, సరైన గడిలో పడిన అక్షరం ఆకుపచ్చగా, ఉండి కూడా వేరే గడిలో ఉండాల్సింది పసుపుగా, అసలు లేనిది బూడిదరంగుగా మారుతుంది. బ్రూక్లిన్‌లో ఉంటున్న జాష్ వార్డిల్ అనే ఇంజనీరు తన సహచరి పాలక్ షా కోసం దీన్ని తయారుచేశాడు. ఇంగ్లీషులో ఐదక్షరాల మాటలు పన్నెండు వేల పైచిలుకు తేలితే, వాటిలో తనకు తెలిసినవీ తెలియనివీ ఏరి, రెండున్నర వేల దగ్గరికి తెచ్చింది ఆమే. ఆట నిలబడటానికి ఆ ఏరివేతే కారణమని నా అభిప్రాయం. దాచిన మాట చూశాక ‘అరే, నాకు తెలిసిందే’ అనిపించకపోతే మర్నాడు ఎవరు వస్తారు? 2021 అక్టోబరులో ఆటను అందరికీ తెరిచారు. నవంబరు 1న 90 మంది ఆడారు. కొత్త సంవత్సరం మొదటి వారానికి మూడు లక్షలు దాటారు. 2022 జనవరి 31న న్యూయార్క్ టైమ్స్ కొనుక్కుంది.

మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. రోజూ ఆట అయ్యాక రంగుగళ్ళు పంపిస్తుంది. వాటిలో అక్షరాలుండవు, రంగులే ఉంటాయి. న్యూజిలాండులో కొందరు ఇలా రంగు చదరాలు చేత్తో పేర్చి పంచుకోవడం చూసి వార్డిల్ ఆ సదుపాయాన్ని ఆటలోకి తెచ్చాడు. నాకు ఆ గళ్ళు చదవడం అలవాటైపోయింది. ఒకరోజు రెండో వరసలో ఒక బూడిద గడి, నాలుగు ఆకుపచ్చలు వచ్చాయి. మూడో వరసలో ఆకుపచ్చ ఒకటే, పసుపు ఒకటి, తక్కినవి బూడిద. నాలుగో వరస మొత్తం ఆకుపచ్చ.

“మూడో వరసలో కావాలనే తప్పు మాట వేశావు కదూ?” అని అడిగాను.

“అవునమ్మా. నీకెలా తెలిసింది? అక్షరాలు లేవుగా!”

నాలుగు అక్షరాలు చేతికొచ్చాక ఎవరైనా మూడింటిని వదిలేశారంటే, వాళ్ళు మాట కోసం కాదు, ‘కాదు’ కోసం వెతుకుతున్నారన్నమాట. దాదాపు పదమూడు వేల కిలోమీటర్ల అవతల నా బిడ్డ ఎలా ఆలోచించిందో ఆ బూడిదరంగు గళ్ళే చెప్పాయి. ఈ ఆటలో హార్డ్ మోడ్ అని ఒకటుంది. తెలిసిన అక్షరాలను ప్రతి ఊహలోనూ వాడి తీరాలన్నది దాని నియమం. అందులో ఫిల్మ్స్ ఉపాయం కుదరదు. కొందరు అదే అసలైన ఆట అంటారు. నేను ఒప్పుకోను. తెలిసినదాన్ని కాసేపు పక్కనపెట్టి తెలియనిదాని గురించి అడిగే స్వేచ్ఛ లేనిచోట తెలివికి పని తగ్గుతుంది.

అన్ని ‘కాదు’లకూ ఒకే విలువ ఉండదు. మొదటి ఊహలో క్యూ వేసి, అది బూడిదరంగులోకి పోతే మనకు కొత్తగా తెలిసిందేమీ లేదు. ఉంటుందని ఎవరు అనుకున్నారు కనుక? అదే ఇ వేసి, లేదని తేలితే ఆట స్వరూపమే మారిపోతుంది. ఐదక్షరాల మామూలు మాటల్లో సగానికి కాస్త తక్కువ వాటిలో ఇ ఉంటుంది. ఉండటానికీ ఉండకపోవడానికీ సమానంగా ఆస్కారం ఉన్నచోట వచ్చే జవాబే ఎక్కువ బరువైనది. 1930లలో, మాంద్యం రోజుల్లో, ఉద్యోగం పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అనే అమెరికన్ ఆర్కిటెక్టు పత్రికల పేజీలు ముందేసుకుని ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టాడు. ఆ లెక్కలోంచే స్క్రాబుల్ పుట్టింది. వంద బిళ్ళల్లో ఇ పన్నెండు, క్యూ ఒక్కటి. ఇకి ఒక పాయింటు, క్యూకి పది.

ఈ బరువును అంకెల్లోకి తెచ్చినవాడు క్లాడ్ షానన్. బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తూ 1948లో ఆయన రాసిన వ్యాసం మీదే ఇవాళ్టి సమాచార సాంకేతికత అంతా నిలబడి ఉంది. అంత గంభీరమైన గణిత వ్యాసంలో ఆయన క్రాస్‌వర్డ్ గురించి రాశాడంటే చాలామంది నమ్మరు. ఆయన చెప్పింది ఇది. ఏ అక్షరాల వరసైనా మాట అయిపోయే భాష ఉంటే, అందులో గళ్ళు ఎలా నింపినా క్రాస్‌వర్డ్ అయిపోతుంది, ఇక విప్పడానికేం ఉండదు. ఆంక్షలు మరీ ఎక్కువున్న భాషలో పెద్ద క్రాస్‌వర్డ్ కట్టడమే సాధ్యం కాదు. ఇంగ్లీషు రెండింటికీ మధ్యలో ఉంది. రాసేదాంట్లో సగం మన ఇష్టం, సగం భాష నియమం. అందుకే అడ్డంగా, నిలువుగా మాటలు ఒకదానికొకటి తగులుతాయి.

1951లో ఆయన ఇంకో పరిశోధన ప్రచురించాడు. ఒక వాక్యాన్ని దాచి ఉంచి, ఎదుటి మనిషిని మొదటి అక్షరం ఊహించమంటాడు. తప్పయితే కాదంటాడు. మళ్ళీ ఊహించాలి. సరిగ్గా చెప్పాక తర్వాతి అక్షరం. ఒక్కో అక్షరానికి ఎన్ని ‘కాదు’లు పట్టాయో రాసుకుంటూ పోతాడు. ఆయన ఉదాహరణగా ఇచ్చిన వాక్యంలో ఖాళీలతో కలిపి 102 గుర్తులుంటే, 79 మొదటి ఊహకే తేలిపోయాయి. మాట మొదట్లో తడబాటు, మాట లోపలికి వెళ్ళేకొద్దీ సునాయాసం. భాషలో చాలా భాగం ముందే తెలిసి ఉంటుందన్నమాట. మిగిలిన కొద్దిచోట్ల, మన ఊహ తప్పినచోటే, కొత్త సంగతి ఏదో చెప్పినట్టు లెక్క.

ఇది చదివినప్పుడు నాకు అష్టావధానం గుర్తొచ్చింది. అందులో నిషిద్ధాక్షరి అంటే ఏమిటి? అవధాని పద్యం మొదలుపెట్టి ఒక అక్షరం చెబుతాడు. తర్వాత ఏ అక్షరం రాబోతోందో పృచ్ఛకుడు ఊహించి, అది కూడదంటాడు. సరస్వతి మీద పద్యం అడిగారనుకోండి. అవధాని ‘వా’ అన్నాడు. వాణి అనబోతున్నాడని పసిగట్టి పృచ్ఛకుడు ‘ణ’ కూడదన్నాడు. అవధాని ‘గ్దే’ అన్నాడు. వాగ్దేవి వైపు మళ్ళాడని సభకంతా అర్థమైంది, వెంటనే ‘వ’ మీద నిషేధం పడింది. మళ్ళీ కొత్త దారి వెతుక్కోవాలి. షానన్ గదిలో కూర్చుని చేయించిన పని, తర్వాతి అక్షరం ఊహించడం, మన సభల్లో పృచ్ఛకుడు ఎన్నో తరాలుగా చేస్తున్నాడు. తేడా ఒక్కటే. షానన్ దగ్గర ఊహ నిజమైతే మెప్పు. ఇక్కడ ఊహ నిజమైతే ఆ దారి మూసుకుపోతుంది. పృచ్ఛకుడి పాండిత్యం ఎంత పదునైతే పద్యం అంతగా ఎవరూ అనుకోని దారిన నడుస్తుంది.

న్యస్తాక్షరి వర్డిల్‌కు ఇంకా దగ్గర. మూడో పాదంలో పదకొండో అక్షరం ఫలానాది కావాలంటాడు పృచ్ఛకుడు. ఉత్పలమాల అయితే పాదానికి ఇరవై అక్షరాలు, రెండో అక్షరం ప్రాస, పదో అక్షరం యతి, ఏ గడిలో గురువు ఏ గడిలో లఘువు అన్నది ముందే రాసిపెట్టి ఉంది. వాటి మధ్య ఆకుపచ్చ గడిలా ఒక అక్షరం వచ్చి కూర్చుంటుంది. దానికి అటూ ఇటూ అర్థం చెడకుండా మాటలు అల్లాలి. కాగితం లేదు, కలం లేదు, మధ్యలో మోగే గంటలు లెక్కపెట్టాలి, అప్రస్తుత ప్రసంగానికి జవాబు చెప్పాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి ఈ విద్యను జనంలోకి తెచ్చారు. అవధానాన్ని జ్ఞాపకశక్తి ప్రదర్శనగా పొగిడేవాళ్ళను చూస్తే నాకు బాధగా ఉంటుంది. జ్ఞాపకం అందులో ఒక భాగం. ఏ మాట కుదరదో క్షణంలో తేల్చుకుని కుదిరే మాట దగ్గరికి చేరడం అసలు విద్య.

ఇలా తేల్చుకునే నేర్పుతో యుద్ధంలో ప్రాణాలు కూడా దక్కాయి. 1942 జనవరిలో లండన్‌లో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక తన క్రాస్‌వర్డ్‌ను పన్నెండు నిమిషాల్లో విప్పగలరా అని పాఠకులకు పోటీ పెట్టింది. ఆ పోటీకి వెళ్ళినవాళ్ళలో కొందరిని తర్వాత ప్రభుత్వం పిలిచి, జర్మన్ సంకేతాలు విప్పే బ్లెచ్లీ పార్క్‌కు తీసుకుంది. అక్కడ పనిచేసేవాళ్ళు తలపడినవాటిలో ముఖ్యమైనది సందేశాలను సంకేతాలుగా మార్చే ఎనిగ్మా యంత్రం. దాని అమరికల సంఖ్య ఊహకందదు. దానికో లోపం ఉంది. ఏ అక్షరం నొక్కినా ఆ అక్షరం మాత్రం బయటికి రాదు. ‘ఏ’ నొక్కితే ‘ఏ’ తప్ప ఇంకేదైనా రావచ్చు. యంత్రం తయారుచేసినవాళ్ళకు అది బలంగానే తోచి ఉంటుంది. విప్పేవాళ్ళకు అదొక దారి. సందేశంలో ‘వాతావరణం’ అనే అర్థమిచ్చే జర్మన్ మాట ఎక్కడో ఉంటుందని అనుమానం ఉందనుకోండి. ఆ మాటను సంకేతాక్షరాల కింద పెట్టి ఒక్కొక్క గడీ జరుపుకుంటూ పోతారు. పైనా కిందా ఒకే అక్షరం పడినచోటల్లా అది ఆ మాట కాదని తేలిపోయినట్టే. అలా కాదు కాదంటూ కొట్టేయగా మిగిలినచోటు నుంచి పని మొదలుపెడతారు.

ఆ కథల్లో నాకు ఎక్కువ ఇష్టమైనది మావిస్ లీవర్ అనే అమ్మాయిది. జర్మన్ సాహిత్యం చదువుతూ చదువు మధ్యలో ఈ పనికి వచ్చింది. ఒకరోజు ఇటలీ నౌకాదళం పంపిన పొడవాటి సందేశం ఆమె ముందుకొచ్చింది. అందరూ అందులో ఉన్న అక్షరాలను చూస్తారు. ఆమె లేనిదాన్ని చూసింది. అంత పొడవు సందేశంలో ఒక్క ఎల్ కూడా లేదు. ఏ అక్షరమూ తన రూపంలో బయటికి రాదు కాబట్టి, మొదటినుంచి చివరిదాకా ఎల్ తప్ప ఇంకేమీ నొక్కి ఉండరు! శత్రువులను తికమకపెట్టడానికి ఉత్తుత్తి సందేశం ఒకటి పంపమంటే, ఆ ఆపరేటరు కీబోర్డు చివరనున్న మీట మీద వేలు పెట్టి అదేపనిగా నొక్కుతూ కూర్చున్నాడు. ఆ ఒక్క గమనింపుతో యంత్రం లోపలి చక్రం తీగలు ఎలా కలిశాయో బయటపడింది. ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఇలాంటి ఏరివేతకు ఇప్పుడు కంప్యూటరును అడిగితే చాలు. ఐదక్షరాలు, రెండోది ఏ, చివరిది ఇ, ఎస్ ఉండకూడదు అని చెబితే జాబితా మొత్తం రెప్పపాటులో పరిచేస్తుంది. దీనికి యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. షానన్ పనిచేసిన ఆ బెల్ ల్యాబ్స్‌లోనే కెన్ థాంప్సన్ 1973లో గ్రెప్ అనే చిన్న ప్రోగ్రాము రాశాడు. తెలియని అక్షరం ఉన్నచోట చుక్క పెడితే, ఆ ఆకారంలో ఉన్న మాటలన్నీ పదాల పట్టికలోంచి ఏరి ఇస్తుంది. క్రాస్‌వర్డ్ కట్టేవాళ్ళకు ఇలాంటి సాధనం ఎంతో మేలు, వాళ్ళను తప్పుపట్టను. ఆడేవాళ్ళు మాత్రం దాని దగ్గరికి వెళ్ళకపోతే మంచిదంటాను. యంత్రం మిగిలిన మాటలే చూపిస్తుంది. కొట్టేసిన వేల మాటలను ఎందుకు కొట్టేసిందో మనం నడిచి చూడం. మాట దొరుకుతుంది, భాష పట్టు దొరకదు.

తెలుగు గళ్ళ నుడికట్టు దగ్గరికి వస్తే లెక్క మారుతుంది. శ్రీశ్రీ, ఆరుద్ర అంతటివాళ్ళు ఇష్టపడి కూర్చిన ఆట అది. మదర్ అని ఇంగ్లీషులో నింపాలంటే ఆరు గళ్ళు కావాలి, అమ్మకు రెండు చాలు. మన గడిలో హల్లు, అచ్చు, ఒత్తు, సున్న అన్నీ కలిసి ఒక్క అక్షరంగా కూర్చుంటాయి. అందుకే మన నుడికట్టులో ఒక్క గడి తెలిస్తే ఇంగ్లీషు గడి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ తెలిసినట్టు. కట్టేవాళ్ళకు మాత్రం అంత కష్టం, అడ్డమూ నిలువూ ఒకే అక్షరం దగ్గర కలవాలి కదా. మొదట్లో చెప్పిన నాలుగక్షరాల చిక్కు లాంటిది మనకూ ఉంది. రెండు గళ్ళలో రెండోది ‘ష్టం’ అని తెలిసిందనుకోండి. ఇష్టమా, కష్టమా, నష్టమా, స్పష్టమా? ‘ఇక’ అనే మాట వేసి చూడండి. ఇ ఉంటే ఇష్టం, క ఉంటే కష్టం. రెండూ లేకపోతే నాలుగు కాస్తా రెండయ్యాయి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. మన బడుల్లో స్పెల్లింగు ఇప్పటికీ నోటిపాఠమే. సి ఏ టి క్యాట్ అని గొంతెత్తి చదివించి, తప్పు రాస్తే పదిసార్లు రాయిస్తారు. ఇంగ్లీషు మాటల్లో ఏ అక్షరాలుంటాయో చెబుతాం, ఏవి ఉండవో చెప్పం. హ్యావ్, గివ్, లవ్, ఫైవ్ చివర పలకని ఇ ఎందుకమ్మా అని పిల్లలు అడుగుతారు. ఇంగ్లీషు సొంత మాట వితో ఆగదు. పూర్వం యుకీ వికీ ఒకే రూపం ఉండేది, వెనక ఇ ఉంటేనే అది వి అని తెలిసేది. అందుకని ఇ నిలబడిపోయింది. అలాగే జెతో ఆగే మాట దాదాపు దొరకదు. సి, కె జంటగా మాట మొదట్లో రావు, బ్యాక్, డక్ లాగా చివరో, లేదా మధ్యలోనో వస్తాయి. ఎన్, జి జంట కూడా అంతే. క్యూ వెంట యు లేకపోతే అది పరాయి భాష నుంచి వచ్చిందని అనుమానించాలి. ఈ నాలుగైదు ‘ఉండవు’లు తెలిసిన పిల్ల కొత్త మాట విన్నప్పుడు దాన్ని సగం రాసేయగలదు.

ఇంగ్లీషు చెబుతున్న నా తోటి టీచర్లకు ఒక మనవి. వారానికొక్కసారి క్లాసు చివరి పది నిమిషాలు ఈ ఆటకు ఇవ్వండి. ఫోన్లు అక్కర్లేదు, కంప్యూటర్ గది తాళం అక్కర్లేదు. నల్లబల్ల మీద ఐదు గళ్ళు గీసి, మనసులో ఒక మాట అనుకోండి. పక్కనే ఇరవై ఆరు అక్షరాలూ రాసి ఉంచండి. పిల్లలు ఊహిస్తూ ఉంటే లేని అక్షరాలను ఒక్కొక్కటే కొట్టేస్తూ రండి. తెలుగు క్లాసులో అయితే రెండు గళ్ళతో మొదలుపెట్టవచ్చు. తప్పు ఊహకు మార్కు తగ్గించకండి. ఆ ఊహతో ఏయే అక్షరాలు పోయాయో, వాటితోపాటు ఏయే మాటలు పోయాయో లేచి చెప్పిన పిల్లకు మార్కు వేయండి.